వెనక్కి తిరగని ఇంజన్

నేను వెళ్ళేసరికి ఉదయం ఎనిమిదీ నలభై. ఎమెట్ స్ప్రేబెరీ చనిపోయి పదహారు గంటలైనా నిండలేదు, ఆయన్ని గోడకేసి నలిపేసిన గోల్ఫ్ బండిని అప్పుడే లారీ మీదికి ఎక్కిస్తున్నారు.

"ఆపండి!" అని అరిచాను కారు దిగుతూనే.

లారీ డ్రైవర్ గొలుసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. వర్క్‌షాపు తలుపుకి ఆనుకుని కాగితం కప్పులో కాఫీ తాగుతున్న కెప్టెన్ రాయిస్ విట్లో మాత్రం కదల్లేదు. మా షెరీఫ్ ఆఫీసులో నాకు పైవాడు ఆయన. పొద్దున్నే నా ముఖం చూడాల్సి రావడం ఆయనకి ఏనాడూ ఇష్టం లేదు.

"ఏమిటి లెడ్‌బెటర్, ఊరంతా వినబడేలా?"

"ఆ బండి ఎక్కడికి పోతోంది?"

"పాత ఇనుము కొట్టుకి. కేసు మూసేశాను. ప్రమాదం. రిపోర్టు నీ బల్ల మీద పెట్టించానుగా."

"చదివాను. పదకొండు లైన్లు. ఒక మనిషి చావుకి పదకొండు లైన్లా కెప్టెన్?"

"పన్నెండో లైనులో ఏం రాయమంటావ్? ముసలాడు బండి వెనకాల స్టూలేసుకుని పని చేసుకుంటున్నాడు. రివర్సులో పెట్టి మర్చిపోయాడు. యాక్సిలరేటర్ కడ్డీ చేత్తో లాగాడు. బండి వెనక్కి దూకింది, గోడకీ బండికీ మధ్య నలిగిపోయాడు. మీట రివర్సులోనే ఉంది. ఫోటో తీయించాను."

ఎమెట్‌కి డెబ్భై ఒక్కేళ్ళు. అందులో యాభై ఏళ్ళు టూ స్ట్రోక్ ఇంజన్లతోనే గడిచాయి. నా పడవ ఇంజన్ ఎప్పుడు మొరాయించినా ఆయన దగ్గరికే తెచ్చేదాన్ని. ఏం విప్పుతున్నాడో, ఎందుకు విప్పుతున్నాడో పక్కన నిలబెట్టి చెప్పందే నన్ను ఇంటికి పోనిచ్చేవాడు కాదు. అటువంటి మనిషి మీట ఎటు ఉందో చూసుకోకుండా బండి వెనకాల కూర్చున్నాడట!

"కిందికి దించు," అన్నాను లారీ డ్రైవర్‌తో.

"నా ఆర్డరు మీద ఎక్కించాడు. నా ఆర్డరు లేకుండా దించడు," అన్నాడు విట్లో.

"చావు జరిగిన చోటు నుంచి వస్తువు కదలాలంటే ఒకరోజు ఆగాలి, లేదా ఇద్దరు డిటెక్టివుల సంతకాలుండాలి. ఆ రూలు రాసింది మీరే. మీది ఒక్కటే ఉంది. రెండోది నాది, నేను పెట్టను."

విట్లో కాఫీ ఒక గుక్క తాగి డ్రైవర్ వైపు చెయ్యి ఊపాడు.

"పన్నెండింటి దాకా ఇస్తున్నా. ఆ తర్వాత సంతకం పెడతావో, నెలరోజులు గేటు దగ్గర కాపలా ఉంటావో నువ్వే తేల్చుకో."

ఎమెట్ భార్య ఓపల్ వంటింటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెకి అరవై ఎనిమిది. నిన్నటి గౌనే ఇంకా ఒంటి మీద ఉంది. ఏడుపు లేదు, కోపంతో వణికిపోతోంది.

"మిస్ ఓపల్," అన్నాను పక్కన కూర్చుంటూ.

"మీ కెప్టెన్, ఆ టోపీవాడు, నన్నేమడిగాడో తెలుసా తల్లీ? మీ ఆయన తాగేవాడా అని! అదొక్కటే ప్రశ్న. నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన దాన్ని అడగడానికి ఇంకేమీ దొరకలేదు వాడికి. అదడిగి పుస్తకం మూసేసి వెళ్ళి కారులో కూర్చున్నాడు."

"నేను అన్నీ అడుగుతాను. విసుక్కోకుండా చెప్పండి. ఇంజన్ ఎప్పుడు మోగింది?"

"నాలుగూ పదికి. పీచ్ పళ్ళ కాబ్లర్ ఓవెన్‌లో పెట్టి గడియారం చూశాను, అప్పుడే అందుకుంది. కొత్త పిస్టన్ వేశాక అదే మొదటిసారి మోగడం. సరిగ్గా పది నిమిషాలు ఉంచి ఆపేశాడు."

"మళ్ళీ మోగలేదా?"

"లేదు."

"ఫ్యాను చప్పుడులో వినబడకపోయి ఉండొచ్చు కదా?"

ఆమె నా వైపు చురుగ్గా చూసింది. "ఆ కొత్త పైపు పెట్టాక అది మోగితే నా వంటింటి అద్దాలు గలగలలాడతాయి. చెరువు అవతల కుక్కలు మొరుగుతాయి. నాకు వినబడకపోవడమేమిటి? నాలుగూ ఇరవై తర్వాత అది మోగలేదు. బైబిలు మీద చెయ్యేసి చెబుతాను, తెచ్చుకో."

"ఇంకే చప్పుడైనా?"

ఓపల్ మెట్టు మీది పెచ్చును గోటితో గీకింది.

"నాలుగూ ముప్పావు ప్రాంతంలో దభీమని ఏదో పడ్డట్టయింది. రోజూ ఏదో ఒకటి కింద పడేస్తూనే ఉంటాడు కదా అని ఊరుకున్నాను. ఊరుకున్నాను తల్లీ. అయిదూ పదికి చల్లటి టీ పట్టుకెళ్ళాను..."

ఆమె ఆగిపోయింది.

"రివర్సులో పెట్టి మర్చిపోయాడంటున్నాడు కెప్టెన్," అన్నాను చివరికి.

ఓపల్ తల ఎత్తింది. "ఏ రివర్సు?"

"బండి రివర్సు."

"ఆ బండికి రివర్సు ఎక్కడిది? పీకేశాడుగా! ఈ శనివారం గోల్ఫ్ బండ్ల పందెంలో ఆ బండి నడపాల్సింది నేను. ఆయన కట్టడం, నేను తోలడం, పందొమ్మిదేళ్ళుగా అంతే. గీత దగ్గర వెనక్కి రావాల్సి వస్తే ఎలా అని నెల రోజుల నుంచి పోట్లాడుతున్నాను. దిగి తోసుకోవే ముసలీ అన్నాడు. ఈ మాట వాడు అడిగితే వాడికీ చెప్పేదాన్ని!"

నేను లేచాను. ఒక్క ప్రశ్న. ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నిన్న సాయంత్రం అయిదున్నరకే ఇది హత్య అని తేలిపోయేది.

బండిని కిందికి దించి మళ్ళీ లోపల పెట్టించాను. వెనక భాగం సిమెంటు ఇటుకల గోడ వైపు, ముక్కు తెరిచిన తలుపు వైపు, నిన్న ఉన్నట్టే. ముందుగా అన్ని వైపుల నుంచి ఫోటోలు తీశాను. గోడ మీద చిన్న నల్లబల్ల, దాని మీద ఎమెట్ చేతిరాత. 'మొదటి వేడి 4:10 – 4:20. చల్లారాలి 5:20 దాకా. తర్వాతే రెండోది.'

"చూశారా?" అన్నాను విట్లోతో. "కొత్త పిస్టనూ, కొత్త రింగులూ వేసి బోరు చేయించిన ఇంజన్ ఇది. పది నిమిషాలు తిప్పి గంటసేపు పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారకుండా తిప్పితే పిస్టన్ పట్టేసి నెల రోజుల పని బూడిదవుతుంది. నాలుగూ ముప్పావుకి ఈ మనిషి ఇంజన్ ముట్టుకోడు."

"ముసలాళ్ళు మర్చిపోతారు."

"సరే, మర్చిపోయాడనే అనుకుందాం."

సీటు పైకెత్తాను. ఇంజన్‌ని చూస్తే ఎమెట్ చేతులు కనబడుతున్నట్టే ఉంది. సిలిండర్‌లో పొగ బయటికి పోయే దారిని అరగదీసి వెడల్పు చేశాడు. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ పెద్దది వేశాడు. కంపెనీ సైలెన్సర్ తీసేసి, మధ్యలో పొట్ట ఉబ్బి చివర సన్నబడే పొడవాటి పైపు తనే ముక్కలు కోసి అతికి తయారు చేశాడు. ఆ అతుకుల మీద వేలు పెడితే మిట్టపల్లం తెలియదు.

"ఈ పాత టూ స్ట్రోక్ బండ్లలో రివర్సు గేరు ఉండదు కెప్టెన్. ఇంజనే వెనక్కి తిరుగుతుంది. మీట రివర్సులో వేస్తే ఇంజన్ ఆగి, ఎదురు దిశలో మళ్ళీ స్టార్టవుతుంది. అందుకే ప్లగ్గుకి నిప్పు ఇచ్చే పాయింట్లు రెండు జతలుంటాయి. ముందుకి ఒక జత, వెనక్కి ఒక జత."

రెండు స్క్రూలు విప్పి మూత తీశాను. ఒక జత పాయింట్లు మెరుస్తూ ఉన్నాయి. రెండో జత ఉండాల్సిన చోట నున్నగా రుద్దిన అల్యూమినియం రేకు బిగించి ఉంది.

బల్ల మీద వరుసగా విప్పిన భాగాలు వేసిన ఆరు రొట్టె పెనాలు, ఒక్కొక్కదానికీ చీటీ. పాత పిస్టన్, పాత రింగులు, పాత జెట్. నాలుగో పెనం తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. 'వెనక పాయింట్లు' అని చీటీ, లోపల ఆ జత.

"పందెం బండికి వెనక్కి పోయే పని లేదు. ముందుకి తిరిగేటప్పుడు నిప్పు ఇంకాస్త ముందుగా పడేలా సర్దుకోవాలంటే రెండో జత అడ్డం. పీకేశాడు. ఎక్కండి, మీరే తొక్కండి."

"నాకు నీ పాఠాలు..."

"తొక్కండి కెప్టెన్! మీ రిపోర్టు మీద మీకంత నమ్మకముంటే తొక్కండి."

నేను సీటు దించాను. ఆయన కాఫీ కప్పు పట్టుకునే ఎక్కి, మీట రివర్సులో పెట్టి పెడల్ తొక్కాడు. స్టార్టర్ గుర్రుమంది. బండి ఉన్నచోటే ఊగింది. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ తొక్కాడు. మూడోసారి తొక్కాడు. గుర్రు తప్ప ఇంకేమీ రాలేదు.

"ఇప్పుడు ముందుకి పెట్టండి. కాలు మెల్లగా."

ఆయనకి మెల్లగా అనేది చేతకాదు. ఇంజన్ ఒక్కసారిగా పేలినట్టు అందుకుంది. నీలం పొగ, కాలిన ఆయిల్ వాసన, రేకుల కప్పంతా అదిరేంత కీచురోద. బండి నాలుగడుగులు ముందుకి దూకింది. కాఫీ అంతా చొక్కా మీద పడింది. దూరంగా కుక్కలు మొదలెట్టాయి. వంటింటి మెట్ల మీద నుంచి ఓపల్ అరిచింది, "దిగరా దాని మీద నుంచి! అది నా బండి!"

ఆయన ఇంజన్ ఆపి దిగాడు. కాసేపు చొక్కా తుడుచుకున్నాడు.

"అయితే బండి ఎలా వెనక్కి వెళ్ళింది?"

మొదటిసారి ఒక పనికొచ్చే ప్రశ్న అడిగాడు.

"ఎవరో గుద్దారు, ముందు నుంచి." ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పసుపు రంగు ఫైబర్ మీద అడ్డంగా రెండు పగుళ్ళు, నేల నుంచి జానెడు ఎత్తున. పగులు అంచుల్లో ముదురాకుపచ్చ రంగు పొడి.

"పాత బండి. గీతలు సవాలక్ష ఉంటాయి."

"ఆదివారం రంగు వేసింది నేను," ఓపల్ ఎప్పుడొచ్చిందో తలుపు దగ్గర నిలబడి ఉంది. "రెండు పూతలు. ఒక్క గీత లేదు."

"ఏ కారో గుద్దితే ఇంత కింద తగలదు," అన్నాను. "ఇనుప బంపర్ ఉన్న ఇంకో గోల్ఫ్ బండి ఇది. చప్పుడు లేకుండా వచ్చింది కాబట్టి కరెంటు బండి. వాకిలి నుంచి నేరుగా లోపలికొచ్చి గుద్దింది, ఆ తర్వాత మీట రివర్సులో పెట్టి వెళ్ళారు. మిస్ ఓపల్, ఈ బండి ఎక్కడ కొన్నారు?"

"హెరన్ పాయింట్ కాలనీలో. మార్చిలో పాతవి వదిలించుకుంటుంటే తెచ్చాడు. ఇప్పుడు వాళ్ళవన్నీ ఆ చప్పుడు లేని పచ్చ బండ్లే కదా."

నేను మరోసారి చుట్టూ చూశాను. పెనాలు ఆరూ నిండుగా ఉన్నాయి. గోడకి ఒక మేకు, దానికి వేలాడుతున్న చీటీ మీద 'పాత సైలెన్సర్'. మేకు ఖాళీ. బల్ల మీద బిగింపు పట్టులో ఏమీ లేదు, కానీ కిందంతా తాజా తుప్పు పొడి, పక్కన ఇనుము కోసే రంపం. ఎమెట్ దాన్ని మేకు మీద నుంచి తీసి కోయడం మొదలుపెట్టాడు. కొత్త పైపు అతుకు దగ్గర నల్లటి చెమ్మ కనబడుతోంది, మొదటి వేడిలోనే కారిందన్నమాట. పాత సైలెన్సర్ అంచు కోసి దానికి పట్టీలా వేద్దామనుకుని ఉంటాడు.

"సైలెన్సర్ ఎవరో పట్టుకుపోయారు," అన్నాను.

విట్లో నవ్వాడు. "తుప్పు పట్టిన సైలెన్సర్ కోసం మనిషిని చంపారా? అది కూడా రాసుకో, షెరీఫ్ కాసేపు నవ్వుకుంటాడు."

"నవ్వమనండి. నేను హెరన్ పాయింట్ వెళ్తున్నా."

"గార్లండ్ టీగ్ జోలికి వెళ్ళకు. అక్కడి సెక్యూరిటీ అంతా అతని చేతిలో ఉంది. పెద్దమనిషి. వారం వారం కలిసి చేపలు పడతాం."

"అయితే మీరూ రండి. స్నేహితుణ్ణి పలకరించినట్టుంటుంది."

హెరన్ పాయింట్ బండ్ల షెడ్డుకి చేరేసరికి పదకొండూ ఇరవై అయిదు. ఎమెట్ ఇంటి నుంచి చెరువు గట్టు బాట మీద గోల్ఫ్ బండికి ఏడు నిమిషాల దూరం. గార్లండ్ టీగ్ ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన.

"రాయిస్! రా రా. ఎమెట్ సంగతి విన్నాను, చాలా బాధేసింది. ఆ పాత బండ్లతో అదే తంటా. రివర్సులో వేస్తే ఒక్కసారిగా దూకుతాయి."

"రివర్సు అని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఊరంతా అదే అనుకుంటున్నారమ్మా. మీ రిపోర్టు మాటేగా."

"ఆయన కొన్న బండి మీకు తెలుసా?"

"తెలియకేం? నేను రౌండ్లు తిరిగిన బండే అది. ఇక్కడ పెట్రోలు బండ్లన్నీ ఫోర్ స్ట్రోకే. టూ స్ట్రోక్ అదొక్కటే ఉండేది. దానిలో ఆయిల్ కలిపి పోయలేక ప్రాణం పోయేది."

ఆ మాట రాసుకున్నాను.

"నిన్న సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య ఎక్కడున్నారు?"

"ఇక్కడే. మూడున్నరకి వచ్చి కూర్చున్నవాణ్ణి ఆరుకి లేచాను."

"మీ బండి?"

"అదిగో, ఒకటో నంబరు. అదీ ఇక్కడే, ఛార్జింగులో."

ఒకటో నంబరు బండి ముందు లావుపాటి ఇనుప బంపర్ ఉంది. శుభ్రంగా కడిగారు. షెడ్డులో మిగతా బండ్లన్నీ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, అదొక్కటే తడి మెరుపుతో ఉంది. నేను బంపర్ వైపు కాక గోడకున్న ఛార్జర్ డబ్బా వైపు నడిచాను. వాటిలో ఎప్పుడు తగిలించారో, ఎప్పుడు తీశారో గుర్తుంటుంది. దానికున్న బటన్ నాలుగుసార్లు నొక్కాను.

"నిన్న సాయంత్రం నాలుగూ ముప్పై ఎనిమిదికి తీశారు. అయిదూ నాలుగుకి మళ్ళీ తగిలించారు. మధ్యలో ఇరవై ఆరు నిమిషాలు."

టీగ్ ముఖంలో చిరునవ్వు చెదరలేదు. "ఎవరో పనివాడు వాడి ఉంటాడు."

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే. కానీ..."

"బంపర్ బోల్టుల మరల్లో పసుపు రంగు ఉంది. కడిగినా పోలేదు."

"మా గేటు స్తంభాలన్నీ పసుపే. మావాళ్ళు రోజూ గుద్దుతూనే ఉంటారు. రాయిస్, ఏమిటిది? నన్ను విచారిస్తోందా ఈ అమ్మాయి?"

"లెడ్‌బెటర్, చాలు," అన్నాడు విట్లో. "రంగు, గడియారం. ఇంతేనా నీ దగ్గరున్నది?"

ఇంతే. కోర్టులో ఆ రెండూ నిలబడవని నాకూ తెలుసు. షెడ్డు వెనక తలుపు తెరిచి ఉంది. బయట ఇనుప వల గదిలో పాత సామాను గుట్ట కనబడింది. విరిగిన ఇరుసులు, స్ప్రింగులు, దాని మీద సైలెన్సర్లు. నలభైకి తక్కువుండవు. కరెంటు బండ్లు వచ్చాక పీకిన పాత పెట్రోలు బండ్లవి.

"అవి ఎప్పుడు తీసుకెళ్తారు?"

"పన్నెండింటికి లారీ వస్తుంది," అని చెప్పేసి, చెప్పినందుకు టీగ్ నాలుక్కరుచుకున్నట్టు నోరు మూశాడు.

పదకొండూ నలభై. నేను వల గదిలోకి వెళ్ళి మొదటి సైలెన్సర్ గొట్టంలోకి వేలు పెట్టాను. పొడి మసి. రెండోది, పొడి మసి. మూడోది, నాలుగోది.

"ఏం చేస్తున్నావ్?" విట్లో గొంతు హెచ్చింది.

"ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్రోలు ఒక్కటే కాలుస్తుంది. లోపల మసి పొడిగా ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ కలిపిన పెట్రోలు కాలుస్తుంది. దాని సైలెన్సర్‌లో ఏళ్ళు గడిచినా జిడ్డు ఆరదు. ఇక్కడ టూ స్ట్రోక్ బండి ఒక్కటే ఉండేదని మీ స్నేహితుడే చెప్పాడు. అది మార్చిలోనే ఎమెట్ ఇంటికి వెళ్ళిపోయింది, సైలెన్సర్‌తో సహా. కాబట్టి ఈ గుట్టలో జిడ్డు సైలెన్సర్ ఒక్కటి కూడా ఉండకూడదు."

పదిహేను. ఇరవై. నా వేళ్ళు బొగ్గులా నల్లబడ్డాయి. ఎండలో ఇనుము కాలుతోంది. టీగ్ ఏదో అనబోయాడు, మానుకున్నాడు. ముప్పై ఒకటోది గుట్ట అడుగున, ఇరుసు కింద దూర్చి ఉంది. లాగి వేలు పెట్టాను. మెత్తగా, జిగటగా, తారులా నల్లటి జిడ్డు వేలికి అంటుకుని వచ్చింది.

దాని అంచు సగం దాకా కోసి ఉంది. కోత వెండిలా మెరుస్తోంది, నిన్నటిది. పైనున్న వేడి ఆపే రేకుని ఎవరో వంచి తెరిచారు. ఆ రేకు కింద సైలెన్సర్ ఒంటికి నీలం ప్లాస్టిక్ కరిగి అతుక్కుపోయి ఉంది. ఒక పక్క గీకి పీకబోయి, ఊడక వదిలేశారు. దానిలో ఒక పిన్నీసు, మూడు తెల్లటి అక్షరాలు ఇంకా నిలిచి ఉన్నాయి.

నాకు ఆ నీలం రంగు తెలుసు. రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో, ఉదయం ఆరూ నలభైకి, ఇదే కాలనీ గోల్ఫ్ మైదానంలో తొమ్మిదో గుంట పక్కన బాట మీద ఈసెలా రియోస్ అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి చచ్చిపడి ఉంది. ఇళ్ళు శుభ్రం చేసే పనికి నడిచి వస్తోంది. ఏదో బండి గుద్ది, మీద నుంచి ఈడ్చుకుంటూ పోయింది. అక్కడి పనివాళ్ళందరికీ ఉన్నట్టే ఆమె చొక్కాకి ఉండాల్సిన నీలం పేరు బిళ్ళ దొరకలేదు. ఆమె తల్లి ఆ ఏడాదంతా ప్రతి సోమవారం మా ఆఫీసుకొచ్చి బెంచీ మీద కూర్చునేది. 'గుర్తు తెలియని వాహనం' అని కేసు మూసేసింది విట్లో.

ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు ఈసెలా పేరులోని చివరివి.

సైలెన్సర్ ఎత్తి విట్లోకి చూపించాను. ఆయన దగ్గరికొచ్చి వంగి చూశాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"గార్లండ్," అన్నాడు చివరికి.

"ఆ పిల్ల మంచులో కనబడలేదు రాయిస్," అన్నాడు టీగ్. మెత్తదనం ఇంకా పోలేదు. "ఆ రోజు పొద్దున పొగమంచు. నేను కావాలని చేసింది కాదు."

"ఎమెట్?" అన్నాను. "ఎమెట్ వర్క్‌షాపులో కూడా మంచు పట్టిందా?"

అతని మెత్తదనం అక్కడ తెగింది.

"ఇమ్మన్నాను! మర్యాదగా ఇమ్మన్నాను! ఆ తల్లికి చూపించాకే ఇస్తా అన్నాడు. నా వైపు చూడనైనా చూడకుండా బండి వెనకాల పైపు ముందు కూర్చున్నాడు, నేనక్కడ లేనట్టే! నేను... నా కాలు పెడల్ మీద ఉంది. అంతే."

అతని చేతులు వెనక్కి తిప్పి సంకెళ్ళు వేసి, ఛార్జర్ స్తంభానికి తగిలించాను. అతను విదిలించుకోలేదు. విట్లో వైపు చూస్తూ నవ్వాడు, ఏడుపు లాంటి నవ్వు.

"నా ఒక్కడికే ఎందుకమ్మా సంకెళ్ళు? ముసలాడికి అది దొరికిందని నాకు కలొచ్చిందా? మీ వాణ్ణి అడుగు. నాలుగూ ముప్పై అయిదుకి నాకు ఫోన్ చేసి వెళ్ళి చూడమన్నది ఎవరో అడుగు!"

నేను మెల్లగా వెనక్కి తిరిగాను.

విట్లో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకు తెలియదు," అన్నాడు. "ప్రమాణంగా చెబుతున్నా, ఆ అమ్మాయిని ఇతనే గుద్దాడని నాకు తెలియదు. ఎమెట్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. హెరన్ పాయింట్ బండిలో ఏదో దొరికింది, పాత కేసుకి సంబంధించింది అన్నాడు. ముసలాళ్ళ చాదస్తం అనుకున్నాను. మళ్ళీ ఆ కేసు తవ్వాలా అనిపించింది. గార్లండ్ దగ్గరే ఉంటాడు కదా, చూసి చెబుతాడు కదా అని... అంతే లెడ్‌బెటర్. ఒక నిమిషం ఫోన్."

"సాయంత్రం శవాన్ని చూశాక కూడా మీకు ఆ ఫోన్ గుర్తుకు రాలేదా?"

ఆయన పాత సామాను గుట్ట వైపు తల తిప్పుకున్నాడు.

"వచ్చింది," అన్నాను. "వచ్చింది కాబట్టే పదకొండు లైన్లతో మూసేశారు. పొద్దున్నే లారీ పిలిపించారు. హంతకుణ్ణి దాచడానికి కాదు, మీ ఫోన్ దాచుకోవడానికి. ఎమెట్ ఏమన్నాడు? ఒక్క మాట కూడా వదలకుండా చెప్పండి."

ఆయన కాఫీ మరకల చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు.

"నిన్ను పిలవమన్నాడు."

"ఏమిటి?"

"జీన్‌కి ఇవ్వండి, జీన్‌తోనే మాట్లాడతాను అన్నాడు. రెండుసార్లు అడిగాడు. నువ్వు లేవని చెప్పాను."

నిన్న సాయంత్రం నాలుగున్నరకి నేను విట్లో బల్లకి పదడుగుల దూరంలో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాను. ఫోన్ మోగడం విన్నాను. విట్లో విసుగ్గా 'లేదు' అనడం కూడా విన్నాను. ఎవరి గురించో అనుకున్నాను.

నా చెయ్యి లేచింది. ఆయన కూడా చూశాడు, తప్పుకోలేదు. ఆ చేతిని ఎలా దించానో నాకే తెలియదు. దించి, మూలనున్న ఖాళీ ఆయిల్ డబ్బా ఒకటి కాలితో ఆయన ముందుకు తోశాను.

"కూర్చోండి."

"జీన్," అన్నాడు. ఏడేళ్ళలో ఆయన నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. "ఇది కాగితం మీద పడితే నా బతుకు అయిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగం."

"ఓపల్‌కి నలభై నాలుగేళ్ళు. కూర్చోండి కెప్టెన్. ఇప్పుడు మీరు నాకు సాక్షి. మీరు చెబుతారు, నేను రాస్తాను, మీరు సంతకం పెడతారు. అది పట్టుకుని ఇద్దరం ముందు మిస్ ఓపల్ దగ్గరికి వెళ్తాం, ఆ తర్వాత ఈసెలా తల్లి దగ్గరికి. అక్కడ మాత్రం నేను మాట్లాడను. మీరే చదవాలి."

బయట పాత ఇనుము లారీ హారన్ కొట్టింది. ఎవరూ తలుపు తీయడానికి కదల్లేదు. విట్లో తొట్రుపడుతూ ఆ డబ్బా మీద కూలబడ్డాడు. నేను జిడ్డు చేతులతోనే పుస్తకం తెరిచి, తేదీ వేసి, కింద పెద్ద అక్షరాలతో 'సాయంత్రం నాలుగున్నర, ఎమెట్ స్ప్రేబెరీ ఫోన్' అని రాసి, ఆయన నోరు తెరిచేదాకా పెన్ను కాగితం మీది నుంచి ఎత్తలేదు.